ఎదుగు చేతికి తగిన బ్యాటు

పెరుగుచున్న పిల్లవానికి పండుగ చొక్కా కుట్టించునపుడు, "రెండంగుళాలు వదులుగా కుట్టవయ్యా, పెరిగే పిల్లవాడు" అని దర్జీకి చెప్పుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న వాడుక. చొక్కా విషయమున ఈ పొదుపు వలన నష్టము లేదు. చేతులు మడచి తొడుగుకొనవచ్చును. ఏడాది తిరుగునప్పటికి ఆ చొక్కాయే పిల్లవానికి అతికినట్లు సరిపోవును. కాని ఇదే న్యాయమును పిల్లవాని చేతికిచ్చు పనిముట్టునకు వర్తింపజేసినచో లెక్క తప్పును. వదులు చొక్కా పిల్లవానిని ఏమియు చేయదు. బరువు పనిముట్టు మాత్రము వాని చేతి వాటమునే మార్చివేయును.

అమెరికా దేశమున బేస్‌బాల్ ఆడు బాలుర తల్లిదండ్రులకు ఈ చిక్కు తప్పక ఎదురగుచుండును. పండ్రెండు, పదుమూడేండ్ల వయస్సున బాలుడు పిల్లల ఆట విడిచి పెద్దల ఆటలో అడుగిడును. చిన్ననాటి తేలిక బ్యాటు వానికి ఇక చాలదు. పెద్దల బరువు బ్యాటు ఇంకను లొంగదు. ఈ రెంటి నడుమ ఒకటి రెండేండ్ల కొరకు వాడు దానిని అచ్చట 'ట్రాన్సిషనల్ బ్యాటు' అందురు. తెలుగున నడిమి బ్యాటు అనవచ్చును. మన క్రికెట్టులో ఆరవ నంబరు బ్యాటునకు, పూర్తి బ్యాటునకు నడుమ 'హారో' అను కొలత యున్నట్లే ఇదియును. డల్లాస్, న్యూజెర్సీ ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఆట నేర్చు పిల్లలున్నచో వారికిని ఈ ప్రశ్న తప్పదు. బ్యాటు ఒక ఆటవస్తువే యైనను, దానిని ఎన్నుకొను తీరులో పిల్లల పెంపకమునకు సంబంధించిన పెద్ద ధర్మమొకటి ఇమిడియున్నది.

మైదానమునకే మెట్లు

1938 వేసవిలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి విలియమ్స్‌పోర్టు పట్టణమున కార్ల్ స్టాట్జ్ అను నాతడు తన బంధువర్గములోని ఇరువురు బాలురతో బంతి ఆడుచు, పిల్లలకు తగిన ఆట లేదని గ్రహించెను. పెద్దల మైదానమున ఒక బేసు నుండి మరియొక బేసునకు 90 అడుగులు. చిన్న కాళ్లకు అది దూరము. ఆతడు పలుమారులు కొలిచి, పిల్లలను పరుగెత్తించి, ఆ దూరమును 60 అడుగులకు తగ్గించెను. 1939 జూన్ 6వ తేదీన ఆ కొలతల మీద మొదటి పోటీ జరిగెను. 'లిటిల్ లీగ్' అను ప్రసిద్ధ సంస్థకు అదియే నాంది.

నేడు పండ్రెండేండ్ల లోపు వారికి బంతి విసరు చోటు నుండి కొట్టు చోటునకు 46 అడుగులు. అటుపిమ్మట 50 అడుగుల విసురు, 70 అడుగుల పరుగు గల నడిమి మైదానమొకటి కలదు. దానిని దాటిన పిదపనే పెద్దల కొలతలు: విసురునకు 60 అడుగుల 6 అంగుళములు, పరుగునకు 90 అడుగులు. మైదానమే మెట్లు మెట్లుగా పెరుగుచుండగా, చేతిలోని బ్యాటు మాత్రము ఒక్క గంతున పెరుగవలెననుట న్యాయము కాదు గదా!

అంగుళములలో నుండి ఔన్సులు

బేస్‌బాల్ బ్యాటు మీద రెండు సంఖ్యలుండును. ఒకటి అంగుళములలో పొడవు, రెండవది ఔన్సులలో బరువు. మొదటి దానిలో నుండి రెండవ దానిని తీసివేయగా వచ్చు శేషమును 'డ్రాప్' అందురు. అంగుళములలో నుండి ఔన్సులను తీసివేయుట యేమని మన గణితోపాధ్యాయులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. ఇది శాస్త్రము కాదు, దుకాణపు గుర్తు. అయినను పని జరుగుచున్నది. డ్రాప్ ఎంత ఎక్కువైన, ఆ పొడవునకు బ్యాటు అంత తేలిక.

30 అంగుళముల పొడవు, 20 ఔన్సుల బరువు గల బాలుర బ్యాటునకు డ్రాప్ 10. ఔన్సు సుమారు 28 గ్రాములు. కనుక ఆ బ్యాటు 567 గ్రాములుండును. ఉన్నత పాఠశాలల పోటీలలో డ్రాప్ 3కు మించరాదని నిబంధన. అనగా 32 అంగుళముల బ్యాటు 29 ఔన్సులకు తక్కువ కాకూడదు, గ్రాములలో 822. మొదటి దానికన్న ఇది నూటికి 45 వంతులు అధికము. ఐదు కిలోల పుస్తకాల సంచి మోయుచున్న బాలుని భుజమున ఒక్కనాట ఏడుంబావు కిలోలు వేసినట్లగును.

నడిమి బ్యాట్లు ఈ అంతరమును పంచుకొనును. 31 అంగుళముల పొడవున డ్రాప్ 8 బ్యాటు 23 ఔన్సులు, డ్రాప్ 5 బ్యాటు 26 ఔన్సులు. 20, 23, 26, 29: మెట్టునకు మూడేసి ఔన్సులు. ఒక్క గంతున అందని ఎత్తు మూడు మెట్లలో అందును. అందరును అన్ని మెట్లును ఎక్కవలెనని లేదు. బలిష్ఠుడైన బాలుడు ఒక మెట్టు దాటవచ్చును. సన్నని బాలుడు ఒక మెట్టు మీద రెండేండ్లు నిలువవచ్చును.

సుత్తి చెప్పు పాఠము

బరువు మాత్రమే చూచిన చాలదు. ఆ బరువు ఎచ్చటనున్నదో చూడవలెను. తరగతిలోనే ఇది పరీక్షింపవచ్చును. ఒక సుత్తిని పిడి పట్టుకొని అటునిటు త్రిప్పవలెను. పిమ్మట ఇనుప తల పట్టుకొని త్రిప్పవలెను. సుత్తి అదే, బరువు అదే. కాని రెండవ మారు చేతికి ఎంతో తేలికగా తోచును. బరువు చేతికి దూరమైన కొలది త్రిప్పుట కష్టము. దూరము రెండింతలైనచో కష్టము నాలుగింతలగుననునది భౌతికశాస్త్ర నియమము. అందుచేతనే ఒకే బరువు గల రెండు బ్యాట్లలో, కొన వైపు బరువు నిలిపినది మొండిగను, బరువు పిడి వైపునకు జరిపినది చురుకుగను ఉండును. మెట్టు మారు బాలునికి రెండవదియే హితవు.

చురుకుదనమెందుకు? గంటకు 60 మైళ్ల వేగమున వచ్చు బంతి సెకనుకు 88 అడుగులు పోవును. 46 అడుగులు దాటుటకు దానికి సుమారు అర సెకను పట్టును. ఆ అర సెకనులోనే బాలుడు బంతిని చూడవలెను, కొట్టుటయా మానుటయా తేల్చుకొనవలెను, బ్యాటు త్రిప్పవలెను. బ్యాటు బరువైనచో త్రిప్పుటకు హెచ్చు కాలము పట్టును. కనుక ముందుగనే మొదలిడవలెను. కనుక బంతిని చూచు కాలము తగ్గును. చూడకయే కొట్టు అలవాటు ఇట్లే ఏర్పడును. పెద్ద బ్యాటు బాలుని భుజము నుండి దోచుకొనునది బలము; కంటి నుండి దోచుకొనునది అవకాశము.

బరువు బ్యాటు తగిలినచో బంతి దూరము పోవునన్నది నిజమే. కాని వేగము తగ్గినచో ఆ లాభము హరించిపోవును. యేల్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ అడెయిర్ 1990లో వెలువడిన తన గ్రంథమున బేస్‌బాల్ ఆటలోని ఇట్టి విషయములను శాస్త్రదృష్టితో చర్చించెను. వెనుకటి తరపు మహావీరుడు బేబ్ రూత్ 40 ఔన్సులకు మించిన బ్యాట్లను త్రిప్పినవాడు. పిదపటి తరముల వారు క్రమముగా తేలిక బ్యాట్లకు మరలిరి. పెద్దలే బరువు దించుకొనుచుండగా పిల్లలకు బరువు పెంచుటకు తొందరయేల?

ఎముక ముందు, కండ వెనుక

పదుమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున బాలురు చూచుచుండగనే ఎదుగుదురు. ఒక్క ఏడాదిలో తొమ్మిది పది సెంటీమీటర్లు పెరుగువారును కలరు. అయితే శరీరము అన్ని అంగములను ఒకేసారి పెంచదు. ముందు ఎముక సాగును. కండబలము వెనుక నుండి వచ్చి చేరును. ఎముకల కొనలయందలి మెత్తని భాగములు ఇంకను గట్టిపడియుండవు. అందుచేత పొడగరి బాలుని చూచి 'వీడు పెద్దవాడైనాడు' అని బరువు బ్యాటు కొని ఇచ్చుట తరచుగా జరుగు పొరపాటు. వాని చేయి పొడవైనది. కాని ముంజేతి బలము నిన్నటిదే. అట్టివానికి పొడవు ఒక అంగుళము పెంచవచ్చును, బరువు విషయమున తొందర కూడదు. పొట్టిగా, గట్టిగా నున్న బాలునికి దీనికి మారుగా, పొడవు పెంచక బరువు పెంచవచ్చును. ఒకే తరగతిలోని ఇరువురికి ఒకే బ్యాటు పనికిరాకపోవుటకు కారణమిదియే.

ముద్ర చూడవలెను

పూర్వము బ్యాట్లన్నియు కర్రవే. లిటిల్ లీగ్ పోటీలలో అల్యూమినియము బ్యాట్లు 1971లో ప్రవేశించెను. లోపల బోలుగానుండు లోహపు గోడ బంతి తగిలినపుడు లోనికి వంగి, తిరిగి ఎగసి, బంతిని అధిక వేగముతో తరిమివేయును. ఆ వేగము ఎదుట నిలిచి బంతి విసరువానికి ప్రమాదము. కావుననే కట్టుబాట్లు వచ్చెను. కళాశాలలలో 2011 నుండియు, ఉన్నత పాఠశాలలలో 2012 నుండియు 'బీబీకోర్' అను కొలత అమలులోనికి వచ్చెను. లోహపు బ్యాటు కూడ కర్ర బ్యాటు వలెనే మెలగవలెననుట దాని సారాంశము. 2018 జనవరి నుండి లిటిల్ లీగ్ చిన్న పిల్లల బ్యాట్లకు 'యూఎస్ఏ బేస్‌బాల్' ముద్ర ఉండవలెనని నియమించెను. మరికొన్ని పోటీలలో 'యూట్రిపుల్ఎస్ఏ' అను సంస్థ ముద్ర చెల్లును. ఒకచోట చెల్లునది మరియొకచోట చెల్లదు. బాలుడు ఏ పోటీలలో ఆడబోవునో, అచ్చట ఏ ముద్ర, ఏ డ్రాప్ అంగీకరింతురో శిక్షకుని అడిగి తెలిసికొనకుండ కొన్న బ్యాటు, ఎంత ఖరీదైనదైనను, మూలకు చేరును.

కొనుటకు ముందు

పొడవు చూచుటకు ఒక సులభోపాయము కలదు. బ్యాటు పిడి గుబ్బను రొమ్ము నడుమ ఆనించి, ముందునకు చాచిన చేతి వ్రేళ్లకు బ్యాటు కొన అందుచున్నచో పొడవు ఇంచుమించు సరిపోయినట్లే. బరువు చూచుటకు, బ్యాటును ఒంటి చేత పట్టి ప్రక్కకు చాచి ముప్పది అంకెలు నెమ్మదిగా లెక్కింపవలెను. అంతలో చేయి వణకుచు క్రిందికి వాలినచో ఆ బ్యాటు ఇంకను బరువే. ఇవి ముతక పరీక్షలు మాత్రమే. అసలు పరీక్ష మైదానముననే జరుగవలెను. త్రిప్పునపుడు బ్యాటు కొన క్రిందికి జారుచున్నదా? బంతి దాటిపోయిన పిదప బ్యాటు వచ్చుచున్నదా? మొదటి పది దెబ్బలు బాగుండి, ఇరువదవ దెబ్బకు భుజము వాలిపోవుచున్నదా? ఇవియే గుర్తులు. మోచేయి గాని మణికట్టు గాని నొప్పియన్నచో ఆట ఆపించి వైద్యునికి చూపవలెనేగాని, 'అలవాటగునులే' అనరాదు.

ఖరీదు మరియొక చిక్కు. పేరుపొందిన బ్యాట్లు మూడు నాలుగు వందల డాలర్లు పలుకును. ఒక్క ఏడాది వాడు నడిమి బ్యాటునకు అంత వెచ్చించుట పలు కుటుంబములకు భారము. ఆ భారమునకు వెరచియే అనేకులు మెట్టు తప్పించి నేరుగా పెద్ద బ్యాటు కొందురు. కాని నడిమి బ్యాటు క్రొత్తదే కానక్కరలేదు. ఒక ఏడాది పెద్దవాడైన బాలుడు విడిచిన బ్యాటు, పగుళ్లు, సొట్టలు లేనిదైనచో, చిన్నవానికి చక్కగా పనికివచ్చును. జట్టులో నాలుగు కొలతల బ్యాట్లుంచి అందరిచేత మార్చి మార్చి ఆడించు శిక్షకుడు, పది కుటుంబముల ధనము నిలిపినవాడగును.

చేతి జ్ఞాపకము

'పెద్ద బ్యాటుతో నేర్చియే గొప్పవారైనవారు లేరా?' అని అడుగవచ్చును. ఉన్నారు. సచిన్ తెండూల్కర్ బాల్యమున తన అన్న అజిత్ బ్యాటుతో ఆడెను. అది బరువగుటచే పిడిని బాగుగ క్రిందికి పట్టుకొను అలవాటు ఏర్పడెనని ఆయనయే చెప్పియున్నారు. ఆ పట్టు జీవితాంతము ఆయనను వదలలేదు. అసాధారణ ప్రతిభ గలవాడగుటచే దానినే ఆయన తన బలముగా మార్చుకొనెను. బాల్యమున చేతికి వచ్చిన బరువు నలుబదియేండ్ల వరకు చేతిలో నిలిచియుండుననుటకు ఇంతకన్న నిదర్శనమేమి? ఆ ప్రతిభ లేని బాలుడు అట్టి బరువును అలంకారముగా మార్చుకొనలేడు. పదిమారులు గురి తప్పి, తోడివారు నవ్వగా, 'ఈ ఆట నాకు రాదు' అని మెల్లగా ఇంటిదారి పట్టును. తప్పు బ్యాటుదని వానికి తెలియదు. తప్పు తనదే యనుకొనును. నష్టమంతయు అచ్చటనే యున్నది.

ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. నాలుగు గీతల కాపీ పుస్తకములో వ్రాయు బాలుని చేతికి ఒక్కసారిగా గీతలు లేని కాగితము నెవ్వరును ఈయరు. నడుమ రెండు గీతలు, పిదప ఒంటి గీత. ఆ మెట్ల మీదుగనే అక్షరము కుదురుకొనును. వెనుకబడిన విద్యార్థిని చూచినపుడు, వానికి బుద్ధి లేదని తీర్పు చెప్పుటకు ముందు, వాని చేతనున్న పుస్తకము ఏ మెట్టునకు చెందినదో చూచువాడే మంచి గురువు.

దుకాణమున వరుసగా నిలిపిన బ్యాట్ల ముందు పండ్రెండేండ్ల బాలుడు నిలుచును. తళతళలాడు పెద్ద బ్యాటు మీద వాని చూపు పడును. 'వచ్చే ఏటికి కూడ సరిపోవును గదా' అని తండ్రి మనస్సు చెప్పును. ఆ క్షణమున తండ్రి చేయవలసినది ఒక్కటే. బాలుని చేతికి ఒక్కొక్క బ్యాటే ఇచ్చి, త్రిప్పమని చెప్పి, బ్యాటు వంక గాక బాలుని భుజము వంక చూడవలెను. వచ్చే ఏడాది వచ్చినపుడు వచ్చును. పిల్లవాడు ఆడవలసినది ఈ ఏడాది.