ఖరీదైన ఇంజెక్షన్‌కు ముందు ముక్క పరీక్ష ఏమంటోంది?

‘ఇమ్యునోథెరపీ చేయించాలంటున్నారు. ఒక్కో ఇంజెక్షన్‌కు లక్షలవుతాయట. చేపల చెరువు అమ్మేయమంటారా?’ నందివాడ, గుడివాడ చుట్టుపక్కల క్యాన్సర్ బాధితుల కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆస్తి అమ్మే ముందు చూడాల్సింది ఒకటుంది. ముక్క పరీక్ష (బయాప్సీ)లో తేలే ప్రొటీన్ల వివరం.

బ్రేకు తీసే మందు

మన రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలు క్యాన్సర్ కణాలను గుర్తించి చంపుతుంటాయి. అవి మితిమీరి దాడి చేయకుండా వాటిపై పీడీ-1 అనే ప్రొటీన్ బ్రేకులా ఉంటుంది. కొన్ని క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌తో ఆ బ్రేకును నొక్కి తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ ఇంజెక్షన్లు ఆ బ్రేకును వదిలిస్తాయి. పీడీ-1ను కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో, ఇలాంటి మరో బ్రేకుపై పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్ 2018లో నోబెల్ అందుకున్నారు.

ఏ ప్రొటీన్ ఏం చెబుతుంది?

పీడీ-ఎల్1: ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో (నాన్ స్మాల్ సెల్ రకం) 50 శాతం, అంతకు మించి కణాల్లో ఇది ఉంటే కీమో లేకుండా ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇచ్చే వీలుంది. తక్కువుంటే సాధారణంగా కీమోతో కలిపి ఇస్తారు. అయితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యుమార్పులుంటే ముందు మాత్రలే మేలు.

ఎంఎంఆర్: డీఎన్‌ఏలో తప్పులు దిద్దే నాలుగు ప్రొటీన్లివి. పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లలో కొందరికి వీటిలో లోపం కనిపిస్తుంది. అలాంటివారిలో ఇమ్యునోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. కొన్నిసార్లు ఇది వంశపారంపర్యం కావచ్చు. కాబట్టి రక్తసంబంధీకులూ డాక్టర్‌ను సంప్రదించాలి.

ఈ రిపోర్టు జాతకం కాదు. పీడీ-ఎల్1 ఎక్కువున్నా కొందరికి మందు పనిచేయదు, తక్కువున్నా కొందరికి పనిచేస్తుంది. మందు మొదలయ్యాక ఆయాసం, విరేచనాలు, విపరీతమైన నీరసం వస్తే వెంటనే చెప్పాలి. బ్రేకు వదిలిన టీ-కణాలు ఊపిరితిత్తులు, పేగులు, థైరాయిడ్‌పైనా దాడి చేయవచ్చు.

తక్కువ డోసుతోనూ...

ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం మనకు ఊరటనిచ్చేదే. నయం చేసే దశ దాటిన తల, మెడ క్యాన్సర్ రోగులకు నోటి మందులతో పాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చారు. ఇది మామూలు డోసులో పదో వంతు కూడా కాదు. ఏడాది తర్వాత జీవించి ఉన్నవారు సుమారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. ఇది అన్ని క్యాన్సర్లకూ వర్తించదు. మీ విషయంలో కుదురుతుందేమో అడగండి.

ఇవి మరవొద్దు

* బయాప్సీ ముక్కను మైనపు దిమ్మలో (బ్లాక్) భద్రపరుస్తారు. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ ఎక్కడికెళ్లినా రిపోర్టుతో పాటు దాన్నీ తీసుకెళ్లండి. చాలాసార్లు మళ్లీ ముక్క తీయాల్సిన పని తప్పుతుంది.
* ‘ఏ ప్రొటీన్ చూసి ఈ మందు రాశారు? ఎంత మేలు ఆశించవచ్చు?’ అని డాక్టర్‌ను అడగండి.
* పరీక్ష, మందు ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తాయేమో ముందే తెలుసుకోండి.
* ప్యాకేజీల్లో చేసే సీఈఏ, సీఏ-125 రక్తపరీక్షలు వేరు. పొగ తాగేవారిలో సీఈఏ, నెలసరి సమయంలో సీఏ-125 కాస్త పెరగొచ్చు. ఆ అంకె చూసి క్యాన్సరని బెంబేలెత్తొద్దు.