కాయకు లేని అంటు: కోనసీమ కొబ్బరిలో శ్రమ, కులం

కోనసీమ అనగానే కొబ్బరిచెట్టు, పడవ, పచ్చదనం. సినిమాలూ పాఠ్యపుస్తకాలూ మనకు చూపించింది అదే. ఆ చెట్టు ఎవరెక్కారు, ఆ కాయ ఎవరొలిచారు అన్న ప్రశ్న ఆ బొమ్మలో ఉండదు. మా ఇళ్ళల్లో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కినవాళ్ళం మేము. అక్కడ చదివిన పుస్తకాల్లో ‘కొబ్బరి రైతు’ కనిపించాడు గానీ దింపువాడు, ఒలుపువాడు, పీచు ఆరబోసే ఆడమనిషి కనిపించలేదు. అందుకే కొబ్బరిని ఈసారి వీళ్ళ వైపు నుంచి చూద్దాం.

తోట ఎవరిది?

కొబ్బరి పండించే రాష్ట్రాల్లో కేరళ, కర్ణాటక, తమిళనాడుల తర్వాత ఆంధ్రప్రదేశ్ పేరు వస్తుంది. ఇక్కడ కొబ్బరికి గుండెకాయ కోనసీమ, దాని మార్కెట్టు అంబాజీపేట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టా భూమికి విలువ పెరిగింది. అప్పటికే భూమి ఎవరి చేతిలో ఉందో నీళ్ళ లాభమూ వాళ్ళకే పోయింది. మాల, మాదిగలు ఎక్కువమంది ఆ భూమి మీద పాలేర్లుగా, కూలీలుగానే మిగిలారు.

ఇక్కడ కొబ్బరికీ వరికీ ఉన్న తేడా గమనించాలి. వరిచేను ఒక కారుకు కౌలుకు తీసుకోవచ్చు. కొబ్బరి అలా కాదు. దేశవాళీ మొక్క నాటిన ఆరేడేళ్ళకు గానీ కాపుకు రాదు. వచ్చాక దశాబ్దాల పాటు కాస్తుంది. అన్నేళ్ళు ఆగాలంటే భూమి సొంతమై ఉండాలి. కాబట్టి భూమి లేనివాడు ఎంత కష్టపడినా కొబ్బరి రైతు కాలేడు. కౌలుకు తీసుకున్నా కాస్తున్న చెట్టు ఫలసాయమే అతనిది, చెట్టు మాత్రం ఆసామిదే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా యజమాని సంతకంతో 11 నెలల ఒప్పందమే ఇచ్చింది. కొబ్బరి మొక్క వయసు ముందు 11 నెలలెంత?

కాయ ఎన్ని చేతులు మారుతుంది?

ముందు దింపు. రెండు నెలలకోసారి చెట్టెక్కి ముదిరిన గెలలు కోస్తారు. ఈ పనిలో కల్లుగీత కులమైన శెట్టిబలిజలు, దళితులు కనిపిస్తారు. చెట్టుకింత అని కూలి. వానాకాలంలో మాను జారుతుంది, జారితే నడుము విరుగుతుంది.

తర్వాత ఒలుపు. నేలలో పాతిన గునపానికి కాయను గుచ్చి, మెలితిప్పి డొక్క ఊడదీస్తారు. వెయ్యి కాయలకింత అని లెక్క. కాయల్లో కొంత పచ్చికాయగా లారీలెక్కుతుంది. కొంత ఎండుకొబ్బరై నూనె మిల్లుకు పోతుంది. కొంత అటకల మీద నెలల తరబడి ఆరి, లోపలి నీళ్ళు ఇంకిపోయి కురిడీ అవుతుంది. ఆ కురిడీ పండగలకూ పెళ్ళిళ్ళకూ ఉత్తరాది రాష్ట్రాల దాకా వెళుతుంది.

చివరికి డొక్క. యంత్రం డొక్కను చీల్చి పీచు చేస్తుంది. ఆ పీచును ఎండలో ఆరబోసి, దులిపి, కట్టలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. రోజంతా పొట్టు దుమ్ములోనే పని. డొక్క విలువ ఎంత తక్కువో వాళ్ళ కూలీ అంత తక్కువ.

మానుకు వెల ఉంది

2009లో కొబ్బరిచెట్ల బీమా పథకం వచ్చింది. 4 నుంచి 15 ఏళ్ళ చెట్టుకు 900 రూపాయలు, 16 నుంచి 60 ఏళ్ళ చెట్టుకు 1,750 రూపాయలు అని వెల కట్టారు. చెట్టు పడితే డబ్బు చెట్టు యజమానికి. చెట్టెక్కేవాళ్ళకు ‘కేర సురక్ష’ అనే ప్రమాద బీమా లేకపోలేదు. అయితే వాళ్ళెవరో చెప్పే పూర్తి జాబితా ఊళ్ళో ఉండదు. ఉన్నా, గునపం దగ్గరా పీచు కళ్ళాల్లోనూ పనిచేసేవాళ్ళు దాని కిందికి రారు. 2025 సీజనుకు మిల్లు కొబ్బరికి క్వింటాలు 11,582 రూపాయలు, కురిడీకి 12,100 రూపాయలు మద్దతు ధర ప్రకటించారు. ధర పడిపోతే రైతు దెబ్బతింటాడు, నిజమే. అతనికి ఆ ధర దక్కాల్సిందే. కానీ ధర పెరిగినప్పుడు ఒలుపు కూలి దానంతటది పెరగదు.

1996 నవంబరు 6 తుపానులో కోనసీమ తోటలు నేలకొరిగాయి. కూలిన చెట్టును లెక్కపెట్టొచ్చు. కొత్త మొక్క కాపుకొచ్చే దాకా దింపు లేక, ఒలుపు లేక పోయిన పనిదినాలను లెక్కపెట్టిందెవరు?

అంటు ఎక్కడుంది?

ఒలిచేది దళితుడైనా ఆ కాయ నేరుగా గర్భగుడి దాకా పోయింది. ఒలిచిన మనిషిని మాత్రం గుడి గుమ్మం బయటే ఆపేశారు. అంటే అంటు చేతికీ కాదు, కాయకూ కాదు, కులానికే. శ్రమను తీసుకుని శ్రామికుణ్ణి దూరం పెట్టే ఈ పద్ధతి కులం అసలు స్వరూపం. శుచి, అశుచి అనే మాటలు దాని పైన కప్పిన డొక్క మాత్రమే.

సంఘం మాట

కేరళలోని అలెప్పీలో పీచు కార్మికులు 1922లోనే సంఘం కట్టారు, 1938లో సార్వత్రిక సమ్మె చేశారు. వందలమంది ఒకే ఫ్యాక్టరీలో కలిసి పనిచేయడం వాళ్ళకు కలిసొచ్చింది. మన దగ్గర పని తోటతోటకూ, కళ్ళం కళ్ళానికీ చెదిరిపోయి ఉంటుంది. పైగా చెట్టెక్కేవాడు బీసీ, పీచు దులిపేది ఎస్సీ అయితే ఇద్దరి మధ్యా పల్లె, పేట అనే గీత ఉంటుంది. 2022లో ఏర్పడ్డ కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు ఆ ఏడాది మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ గీత ఎంత లోతో ఆ రోజు తెలిసింది. పేరు నిలబడింది. ఇప్పుడు పని గురించి మాట్లాడాలి.

దింపు, ఒలుపు, పీచు పనివాళ్ళందరికీ గుర్తింపు కార్డులు కావాలి. మానుకున్నట్టే మనిషికీ బీమా కావాలి. కూలి రేటును కొబ్బరి ధరతో ముడిపెట్టాలి. వీటికి ముందు మనం చేయగలిగింది ఒకటుంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊళ్ళో కాగితం మీద రాయాలి: తోటలెన్ని, ఎవరివి, ఎక్కేదెవరు, ఒలిచేదెవరు, కూలి ఎంత, కిందపడ్డవాళ్ళెందరు. ఆఫీసులో ఈ లెక్క దొరకదు. పేటలో కూర్చుని అడిగితే ఒక్క సాయంత్రంలో దొరుకుతుంది.