ఇంటరా, డిప్లొమానా? చదివింది ఎక్కడ లెక్కకొస్తుంది?

గోరంట్లలో పది ఫలితాలు రాగానే ఇంటింటా ఇదే చర్చ. ఇప్పటిదాకా చదివింది రేపు ఇంజనీరింగ్‌లో ఏ మాత్రం పనికొస్తుంది? మన దగ్గర కింది చదువు పై కాలేజీలో మూడు విధాలుగా అక్కరకొస్తుంది. ఒకచోట సీటు ఇప్పిస్తుంది, ఒకచోట ర్యాంకు మారుస్తుంది, ఒక్కచోట మాత్రం ఏకంగా మొదటి సంవత్సరాన్నే తప్పిస్తుంది.

పది మార్కులతోనే సీటొస్తుందా?

ట్రిపుల్ ఐటీలో వస్తుంది. ట్రిపుల్ ఐటీలను నడిపే, 2008లో మొదలైన ఆర్జీయూకేటీ పది మార్కులు చూసి ఆరేళ్ల చదువులో చేర్చుకుంటుంది: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. మనకు దగ్గరి క్యాంపస్ ఇడుపులపాయ. సర్కారు బడుల పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. ట్యూషన్లు, కార్పొరేట్ బడులు అందని పిల్లల మార్కుల్ని మిగతావాళ్లతో యథాతథంగా పోల్చడం న్యాయం కాదు కాబట్టి.

ఇంటర్ మార్కులు ఎలా లెక్కిస్తారు?

ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ర్యాంకులో పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ. ఈ లెక్కలోకి భాషల మార్కులు రావు. గ్రూపులో 90 శాతం తెచ్చుకున్నవాడికి 25కి 22.5 పడితే, 80 శాతం వాడికి 20 పడతాయి. పరీక్షలో ఇద్దరూ సమానమే అయినా ఆ రెండున్నర ర్యాంకును చాలా దూరం లాగేస్తుంది. తెలంగాణ 2023లోనే ఈ వెయిటేజీ ఎత్తేసింది.

మరి ఏడాది తప్పేది ఎక్కడ?

డిప్లొమాలో. పది లెక్కలు, సైన్సు మీద పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరతారు. మూడేళ్లయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. ఈసెట్ 200 మార్కులకు: లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, తమ బ్రాంచి 100.

మొదటి ఏడాది ఎందుకు వదిలేస్తారంటే, అందులో ఉండే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగు, వర్క్‌షాపు డిప్లొమాలో ఏదో ఒక స్థాయిలో చదివేసి ఉంటారు కాబట్టి.

అంటే ఏడాది మిగిలినట్టేనా?

లేదు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు: ఆరు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు: అదీ ఆరే. తేడా మధ్యలో ఉంది. ఆరేళ్ల మధ్య వానలు మొహం చాటేసి వేరుశెనగ పోయిందనుకోండి. మూడేళ్లు చదివినవాడి చేతిలో డిప్లొమా ఉంటుంది, పెనుకొండ దగ్గరి కియాకో బెంగళూరు కంపెనీలకో అప్లికేషన్ పెట్టుకోవచ్చు. ఒక్క ఇంటర్‌తో అలాంటి ఉద్యోగం దొరకడం కష్టం.

దీనికీ ఒక ఖరీదుంది. డిప్లొమా లెక్కలు తేలిక. రెండో సంవత్సరంలో అడుగుపెట్టగానే మిగతావాళ్లు ఏడాదిపాటు సాధన చేసిన కలనం, మాత్రికలు ఎదురవుతాయి. ఈసెట్‌కూ క్లాసులకూ మధ్య దొరికే సెలవుల్లో ఇంటర్ లెక్కల పుస్తకాలు తిరగేయడం తప్పనిసరి.

అమెరికాలో హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్లు ఇస్తారటగా?

ఇస్తారు. అక్కడి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలకు 1 నుంచి 5 దాకా స్కోరుంటుంది. 3 లేదా అంతకు మించి వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. కొన్ని క్రెడిట్ ఇవ్వకుండా పై స్థాయి క్లాసులో కూర్చోబెడతాయి. ఇక్కడ 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడి చదువునూ లెక్కలోకి తెచ్చింది: 30 గంటలకు ఒక క్రెడిట్, ఏడాదికి 40. అయితే ఇంటర్‌లో ఫిజిక్స్ చదివామని బీటెక్ ఫిజిక్స్ పేపరు రద్దు కాదు. ఏ పేపరు మినహాయించాలో యూనివర్సిటీ నిబంధనలే తేలుస్తాయి.

చివరికి ఏది ఎంచుకోవాలి?

లెక్కల మీద పట్టుండి, ఆరేళ్లూ ఇల్లు ఎదురుచూడగలిగితే ఇంటర్. మూడేళ్లకే సంపాదన అవసరం పడొచ్చనిపిస్తే డిప్లొమా. ఇంజనీరు అయ్యే వయసు మాత్రం రెండు దారుల్లోనూ ఒకటే. కాబట్టి డిప్లొమా అంటే వెనకబడ్డట్టు కాదని పిల్లవాడికి ముందే చెప్పండి.