తొలి వ్యాసము: మొదలుపెట్టుట యెట్లు?

కళాశాల తెరచిన మూడు నాలుగు వారములకు ఆచార్యుడు తరగతిలో ఒక ప్రశ్న చెప్పి, "పదునైదు దినములలో వ్యాసము వ్రాసి తీసికొని రండు" అనును. ఆ సాయంకాలము విద్యార్థి తెల్లకాగితము ముందు కూర్చుండును. పైన పేరు వ్రాయును, తేదీ వేయును, ప్రశ్నను చక్కగా ఎక్కించి క్రింద గీత గీయును. అంతటితో కలము ఆగిపోవును. ఇంటిలో తొలిసారిగా విశ్వవిద్యాలయపు గడప తొక్కిన బిడ్డకు ఈ ఆగుట మరింత భయము కలిగించును. "ఈ చదువు నాకు అబ్బదేమో" అని లోలోన కుములును. ఈ భయము తెలివితక్కువచేత పుట్టినది కాదు. పని వరుస తెలియకపోవుటచేత పుట్టినది. ఆ వరుసనే ఇచ్చట చెప్పదలచితిమి.

పాఠశాలలో ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకములో ముందే యున్నది. దానిని జ్ఞప్తియందుంచుకొని అప్పగించుటయే విద్యార్థి పని. విశ్వవిద్యాలయములో అడుగు ప్రశ్నలు అట్టివి కావు. వానిపై పండితులే తమలో తాము వాదించుకొనుచుందురు. వారి మాటలను విని, ఆధారములను తూచి, తన తీర్పు తాను చెప్పుటయే వ్యాసము. ఫ్రాన్సు దేశములో మాంటేన్ 1580లో తన రచనలకు పెట్టిన పేరునకు "ప్రయత్నములు" అని అర్థము. ఆ పేరే ఐరోపా భాషలలో ఈ ప్రక్రియకు స్థిరపడినది. మన భాషలో సామినేని ముద్దునరసింహము నాయుడుగారి 'హితసూచని' 1862లో వెలువడినది. వారు తమ రచనలను "ప్రమేయములు" అనిరి. "వ్యాసము" అను మాటకు విస్తరించుట, విభజించి అమర్చుట అను అర్థములు కలవు. ప్రయత్నించుట, విభజించుట, అమర్చుట: ఈ మూడును తెలిసినచో సగము భయము పోవును.

ఇక ఒక ఉదాహరణము. మా యెరుకలోని ఒక చరిత్ర విద్యార్థికి ఇచ్చిన ప్రశ్న ఇది: "గోదావరి ఆనకట్ట ఆ జిల్లా ప్రజల జీవనమును ఎంతవరకు మార్చినది? చర్చింపుము." అతడు మూడు దినములు కష్టపడి, గోదావరి నాసిక దగ్గర త్ర్యంబకమున పుట్టుటతో ప్రారంభించెను. నది ధవళేశ్వరము చేరునప్పటికి ఐదు పుటలు నిండినవి. ప్రశ్న మాత్రము ఇంకను గట్టుమీదనే నిలిచియున్నది! మొదటి వాక్యము గొప్పగా నుండవలెనని ఆశించువారందరికిని కలుగు ప్రమాదమిది.

అందుచేత మొదటి పని వ్రాయుట కాదు, ప్రశ్నను చదువుట. పై ప్రశ్నలో ప్రాణము "ఎంతవరకు" అను మాటలో నున్నది. మార్చినదా, లేదా అని అడుగలేదు. ఎంత మార్చినది, ఎవరికి మార్చినది, ఎవరికి మార్చలేదు అని అడిగిరి. "వివరింపుము" అన్నచో జరిగినది చెప్పవలెను. "చర్చింపుము" అన్నచో రెండు వైపులను చూపి తీర్పు చెప్పవలెను. ప్రశ్నను మీ సొంత మాటలలో, ఇంటిలోని వారికి చెప్పునట్లుగా, ఒకసారి వ్రాసికొనుడు. అట్లు చెప్పలేకపోయినచో ప్రశ్న ఇంకను బోధపడలేదని గ్రహింపవలెను. అప్పుడు ఆచార్యుని అడుగుట చిన్నతనము కాదు.

రెండవ పని, పుస్తకములు తెరవక ముందు ఒక అరగంట కూర్చుండి, తెలిసినది ఒక వైపునను, తెలిసికొనవలసినది వేరొక వైపునను వ్రాసికొనుట. మన విద్యార్థికి తెలిసినది కొంత కలదు: సర్ ఆర్థరు కాటన్ ఆధ్వర్యమున 1847లో పని మొదలై 1852లో ముగిసినది, ఆనకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా లంకల నడుమ కట్టబడినది. తెలియనివి అంతకంటె విలువైనవి: అంతకు ముందు ఆ జిల్లా స్థితి ఏమి? కాలువ నీరు ఏ యూళ్లకు పారినది? కూలివాని బ్రతుకు మారినదా? ఈ ప్రశ్నల పట్టికయే చదువుటకు దారి చూపును. అది లేనివాడు గ్రంథాలయములో దారితప్పిన బాటసారి వంటివాడు.

మూడవది చదువుట. అన్నియు చదివిన పిమ్మటనే వ్రాయుదునని కూర్చున్నచో ఆ దినము రానే రాదు. మూడు నాలుగు మంచి గ్రంథములు తొలి వ్యాసమునకు చాలును. మా విద్యార్థి హెన్రీ మారిస్ 1878లో ప్రకటించిన గోదావరి జిల్లా గ్రంథమును చూచెను. ప్రతి విషయమును ఒక్కొక్క చీటీపై, గ్రంథము పేరు, పుట సంఖ్యతో, తన మాటలలో వ్రాసికొనెను. రచయిత మాటలనే ఎత్తి వ్రాసినప్పుడు వానికి కొటేషను గుర్తులు పెట్టెను. ఈ చిన్న అలవాటు లేకపోవుటచేతనే పరుల వాక్యములు మన వాక్యములలో కలసిపోయి, తెలియకయే దొంగతనము జరుగును. చదువునప్పుడు మరియొక ప్రశ్న వేసికొనవలెను: ఈ మాట చెప్పినవారెవరు, ఎచ్చట నిలిచి చూచినారు? మారిస్ దొరతనపు ఉద్యోగి. శిస్తు పెరుగుట ఆయనకు స్పష్టముగా కనబడును. పాలేరు గంజి అంత స్పష్టముగా కనబడకపోవచ్చును.

ఇంతవరకు వచ్చియు ఆ బాలునికి తన తీర్పు తోచలేదు. సెలవుకు పెద్దాపురము దగ్గరనున్న తన మెట్ట గ్రామమునకు పోయి, ఆనకట్ట మహిమను ఇంటిలో వర్ణింపసాగెను. మూలనున్న నాయనమ్మ విని, "మనూరికి ఆ కాలవ ఎప్పుడొచ్చిందిరా అబ్బాయీ? మనం వాన కోసం ఆకాశంకేసి చూసినోళ్లమే గదా!" అనెను. అతడు ఆ రాత్రి ఒక వాక్యము వ్రాసెను: "ఆనకట్ట పల్లపు గ్రామములకు క్షామభయమును చాలవరకు తగ్గించినది, కాలువ అందని మెట్టకు తగ్గింపలేదు, కనుక మార్పు గొప్పదే కాని సమానమైనది కాదు."

ఇదియే వ్యాసమునకు వెన్నెముక. ఇట్టి వాక్యము తాత్కాలికమైనను సరే, నాలుగవ మెట్టున తప్పక వ్రాసికొనవలెను. అయితే నాయనమ్మ మాట త్రోవ చూపునుగాని సాక్ష్యము పూర్తిగా కాదు. దానిని ఆధారములతో నిలబెట్టవలెను. 1832-33 నాటి గుంటూరు కరవు, 1821 నుండి 1841 వరకు రాజమహేంద్రవరపు జిల్లాలో జనసంఖ్య తగ్గుట పూర్వస్థితిని చూపును. 1876-78 మహాక్షామములో బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు అల్లాడగా డెల్టా నిలద్రొక్కుకొనుట మార్పును చూపును. మెట్ట గ్రామముల లెక్కలు హద్దును చూపును. మూడు కట్టలుగా చీటీలు విడదీసినచో వ్యాసము తనంత తానే అమరును. ఒక్కొక్క పేరాకు ఒక్కటే విషయము.

ఇప్పుడు వ్రాయుట. ఏ కట్ట సులభమో దానితో మొదలుపెట్టుడు. అది నడిమిదైనను బాధ లేదు. ఉపోద్ఘాతమును చివర వ్రాయుడు. ఇంటికి ఎవరు వచ్చిరో తెలియక ముందు వారిని పరిచయము చేయుట ఎట్లు? మొదటి ప్రతి వికారముగానే యుండును. దిద్దుటకు రెండు మూడు దినములు మిగుల్చుకొనుడు. పిమ్మట పైకి చదువుడు. రేడియోకు ప్రసంగములు వ్రాయువారికి బాగుగా తెలిసిన ఉపాయమిది: కన్ను క్షమించిన తప్పును చెవి క్షమింపదు.

బజారులోని గైడులు చాలవన్నట్లు, నేడు ప్రశ్న వేసినంతనే వ్యాసమంతయు అల్లి యిచ్చు యంత్రములును వచ్చినవి. వానివలన కాగితము నిండవచ్చును. కాని మెట్ట ఊరి నాయనమ్మ మాట విని ఆగి ఆలోచించిన ఆ రాత్రి విద్యార్థికి దక్కదు. ఆ రాత్రి కొరకే ఆచార్యుడు వ్యాసము వ్రాయుమనినాడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. "ఎన్ని పేజీలయినవి?" అని అడుగకుడు. "ప్రశ్న ఏమిటి? నీవేమనుకొనుచున్నావు?" అని అడుగుడు. మీకు ఆ శాస్త్రము తెలియనక్కరలేదు. మీకు చెప్పబోయి, చెప్పలేక, మరల చెప్పుటలోనే ఆ బిడ్డ వ్యాసము మొదలగును.