నీళ్ళు తాగే కారు



కారు సంగతి మగవాళ్ళు చూసుకుంటార్లే అని వూరుకునే రోజులు వెళ్ళిపోయాయి. పిల్లల్ని బడికి దింపడం దగ్గర్నుంచి అత్తగార్ని డాక్టరుకు చూపించడం దాకా స్టీరింగు మన చేతుల్లోనే వుంటోంది. బండి నడిపే మనిషికి బండి జబ్బు కొంచెమైనా తెలియాలి కదా! ఈవేళ ఒక్క జబ్బు గురించే చెప్పుకుందాం.

దీనికి లక్షణాలు రెండు. పొద్దున్నే స్టార్టు చెయ్యగానే ఇంజను గడగడా వణికి, ఒక నిమిషానికి ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. ఇది మొదటిది. బానెట్ ఎత్తి చూస్తే కూలెంటు డబ్బాలో నీళ్ళు తగ్గుతూ వుంటాయి, నేలమీద మాత్రం చుక్క తడి కనబడదు. ఇది రెండోది. వణికితే బ్యాటరీ అనుకుంటాం, తగ్గితే చెంబెడు నీళ్ళు పోసేస్తాం. కానీ రెండూ కలిసి వచ్చాయంటే, అవి ఒకే జబ్బుకు రెండు గుర్తులేమోనని అనుమానించాలి.

మన ప్రెషర్ కుక్కరు తీసుకోండి. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. కుక్కర్లో ఆవిరి వత్తిడి వల్ల సుమారు 120 డిగ్రీల దాకా వెళతాయి. కారు రేడియేటరు మూత చేసే పనీ అదే. వత్తిడి నిలిపి వుంచి, ఇంజను చుట్టూ తిరిగే కూలెంటు మరిగిపోకుండా కాపాడుతుంది.

కుక్కరుకు గాస్కెట్ వున్నట్టే ఇంజనుకూ ఒకటి వుంది. ఇంజను కింది భాగాన్ని బ్లాకు అనీ, పై భాగాన్ని హెడ్డు అనీ అంటారు. రెంటి నడుమా పల్చగా వుండేది హెడ్ గాస్కెట్. పెట్రోలు మండే సిలిండర్లూ, కూలెంటు పారే దారులూ, ఆయిలు దారులూ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపేది అదే. కుక్కరు గాస్కెట్ పాడైతే బుస్సుమని పక్కనుంచి ఆవిరి చిమ్ముతుంది, వెంటనే తెలుస్తుంది. ఇంజనులోది లోలోపలే కారుతుంది, పైకి తెలియదు.

ఇక రాత్రి జరిగేది చూడండి. సాయంత్రం బండి ఆపేసినా కూలెంటులో వత్తిడి కొంతసేపు వుంటుంది. గాస్కెట్‌లో సన్నటి చీలిక వుంటే, చుక్క చుక్కగా ఒక సిలిండర్లోకి దిగుతుంది. తెల్లవారి స్టార్టు చేస్తే ఆ సిలిండరు ప్లగ్గు తడిసి వుంటుంది, అందులో పెట్రోలు సరిగా మండదు. నాలుగు సిలిండర్ల బండి మూడింటితో ఈడుస్తుంది. మన మెకానిక్కులు "మిస్సింగ్" అనేది దీన్నే. తడి ఆరగానే వణుకు ఆగుతుంది. ఆ తడే తెల్లటి పొగై సైలెన్సర్లోంచి పోతుంది. చలికాలం పొద్దున ప్రతి బండికీ కాస్త ఆవిరి వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. బండి వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగక, తియ్యటి వాసన వేస్తుంటే మాత్రం శ్రద్ధ పెట్టాలి.

మరి ఇంట్లో మనం చెయ్యగలిగిందేమిటి? పొద్దున్నే, ఇంజను చల్లగా వున్నప్పుడు, కూలెంటు డబ్బామీద నీళ్ళ మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. వారం రోజులు చూడండి. రాత్రిపూట ఇంజను కింద పాత అట్టముక్క పరవండి. అట్టమీద రంగు మరక పడితే గొట్టమో, రేడియేటరో, వాటర్ పంపో కారుతోందన్నమాట. ఏసీ నుంచి పడేది మామూలు నీరు, దానికి రంగూ వాసనా వుండవు. ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో వుంటే లోపలి హీటరు కారుతున్నట్టు. ఆయిలు గేజి తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా వుంటే కూలెంటు అందులో కలిసిందని అర్థం. అప్పుడిక బండి తియ్యొద్దు. సెల్ఫే నీరసంగా తిరుగుతుంటే అది బ్యాటరీ తాలూకు. వణుకు వుండి కూలెంటు తగ్గకపోతే ప్లగ్గులో, కాయిల్సో చూపించుకోవచ్చు.

మెకానిక్కు దగ్గర ఒక చిక్కుంది. మనం నడిపి తీసుకెళ్ళేసరికి ఇంజను వేడెక్కి వుంటుంది, "ఏం లేదమ్మా, బాగానే వుంది" అంటాడు. అందుకని ముందురోజు సాయంత్రమే బండి అక్కడ వదలండి. పొద్దున మొదటిసారి మీ ఎదుటే స్టార్టు చెయ్యమనండి. అలాగని వెంటనే హెడ్డు దించెయ్యమనీ ఒప్పుకోకండి. ముందు చవకైన పరీక్షలు చెయ్యమనండి. మూత వత్తిడి నిలుపుతోందా? పంపుతో గాలి కొట్టి వుంచితే ముల్లు పడిపోతోందా? ప్లగ్గులు తీస్తే ఏదైనా తడిసి వుందా? కంప్రెషన్ ఏ సిలిండర్లో తగ్గింది? రేడియేటరు మూతి దగ్గర పెట్టి చూసే నీలం రంగు మందు ఒకటుంది. మండిన వాయువు కూలెంటులో కలుస్తుంటే అది పసుపుపచ్చగా మారుతుంది. ఇవి చూశాక హెడ్డు దించాలంటే అప్పుడు దించవచ్చు. డీజిలు బండిలో ఇవే గుర్తులు ఈజీఆర్ కూలరు కారినా రావచ్చు, అదీ చూడమనండి.

నీళ్ళు పోసుకుంటూ నెట్టుకొద్దామంటారా? కూలెంటు తక్కువై ఇంజను ఒక్కసారి బాగా వేడెక్కిందంటే హెడ్డు వంకర పోతుంది, పగలనూ వచ్చు. సిలిండర్లో నీరు ఎక్కువ నిండితే, నీరు గాలిలా నలగదు గనుక లోపలి కడ్డీ వంగిపోతుంది. గాస్కెట్‌తో తీరేది ఇంజను దాకా పోతుంది.

దారిలో టెంపరేచరు ముల్లు పైకి పోతే పక్కకు ఆపి ఇంజను కట్టెయ్యండి. వేడిమీద రేడియేటరు మూత తియ్యొద్దు. ఆవిరి వుండగా కుక్కరు మూత తీస్తామా? ఇదీ అంతే, ముఖం కాలిపోతుంది.

చివరిగా తల్లులకు ఒక్క మాట. చాలా కూలెంట్లలో వుండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది, కానీ విషం. మిగిలిన కూలెంటును మంచినీళ్ళ సీసాలో పోసి అటకమీద పెట్టకండి. కింద ఒలికితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యండి. పిల్లలు గానీ పెంపుడు కుక్క గానీ నోట పెట్టుకుంటే, బాగానే వున్నారు కదా అని ఆగకుండా ఆ క్షణమే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. బండి జబ్బు వారం ఆగినా, ఇది గంట కూడా ఆగదు.

రేపు పొద్దున తాళం తిప్పేముందు ఒక్కసారి బానెట్ ఎత్తి, ఆ డబ్బామీద గీత పెడతారు కదూ? సెలవు.