చెక్క ఆఫీసు కాలిపోదా?

నీళ్లపొయ్యి గుర్తుందా? పుల్ల భగ్గున మండిపోతుంది. లావుపాటి మొద్దు మాత్రం పైన బొగ్గు కట్టి, లోపల చాలాసేపు చెక్కగానే ఉంటుంది. ఆ బొగ్గే దానికి కవచం.

లండన్‌లో 2023లో తెరిచిన ‘బ్లాక్ అండ్ వైట్ బిల్డింగ్’ ధైర్యం ఇదేనండీ! వేర్వేరు సంస్థలవాళ్లు గదులు అద్దెకు తీసుకుని పనిచేసుకునే ఆరంతస్తుల ఆఫీసది. స్తంభాలు, దూలాలు అన్నీ చెక్కవే. సన్నని పొరలు జిగురుతో అతికించి, మొద్దుల్లా లావుగా చేశారు.

“చెట్లు కొట్టడం పాపం కాదూ?” అంటారేమో! చెట్టు పీల్చుకున్న బొగ్గుపులుసు గాలిలోని కర్బనం చెక్కలోనే నిలిచి ఉంటుంది. సిమెంటు, ఉక్కు తయారీలోనేమో అదే గాలి బోలెడంత బయటికొస్తుంది. అయితే ఒకటే షరతు: కొట్టిన చెట్టుకు బదులు మొక్క నాటి, పెంచాలి. లేకపోతే అది పొదుపు కాదు, దుబారాయే!