క్రోషియాలో జడ అల్లిక: చెయ్యి తిరగడం ఒక ఎత్తు, కూలీ లెక్క ఇంకో ఎత్తు

చిలమత్తూరు, హిందూపురం వైపు డిసెంబర్ వచ్చిందంటే పొద్దున్నే మఫ్లర్ లేకుండా బయటికి రాలేరు. స్వెటర్ల మీద తాడు పేనినట్టు, జడ వేసినట్టు కనిపించే డిజైన్ చూసే ఉంటారు. దాన్నే కేబుల్ అంటారు. జాలీ టోపీలు, కుండ మీద కప్పే గుడ్డలు అల్లడం వచ్చినవాళ్లు కూడా ఇది చూసి భయపడతారు. నిజానికి అంత భయపడాల్సిన పని లేదు.

రెండు సూదులతో అల్లేవాళ్లు కుట్లను ఇంకో చిన్న సూది మీదికి తీసి పెట్టుకుని అటూ ఇటూ మారుస్తారు. క్రోషియాలో ఆ బాధ లేదు. ఎప్పుడూ ఒక్క కుట్టే సూది మీద ఉంటుంది కాబట్టి కుట్లు వదిలేసి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి వేస్తే చాలు, జడ పడుతుంది.

అసలు కిటుకు సూది ఎక్కడ గుచ్చుతున్నామన్నదే. మామూలుగా కుట్టు తల మీద గుచ్చుతాం. ఇక్కడ కింది కుట్టు కాడ చుట్టూ వేయాలి. సూదిని ముందు నుంచి గుచ్చి, కాడ వెనకగా తిప్పి, అవతల పక్క ముందుకు తేవాలి. అప్పుడు కుట్టు ఉబ్బెత్తుగా పైకి లేస్తుంది.

చిన్న ముక్క మీద నేర్చుకోవడం మేలు. 14 గొలుసులు వేసి, సూది నుంచి నాలుగో గొలుసులో మొదలుపెట్టి డబుల్ క్రోషే వేస్తూ పోతే, మొదటి మూడు గొలుసులు ఒక కుట్టు కింద లెక్కతో కలిపి 12 వస్తాయి. తిప్పి, ఒక గొలుసు వేసి, రెండో వరుస మొత్తం 12 సింగిల్. మూడో వరుసలో మూడు గొలుసులు (ఇవే మొదటి కుట్టు), పక్కన మూడు డబుల్. ఇప్పుడు జడ. మొదటి వరుసలోని 5, 6 కాడలను వదిలేసి 7, 8 కాడల చుట్టూ ఒక్కో ట్రెబుల్ వేయాలి, అంటే నూలు రెండుసార్లు చుట్టే కుట్టు. తర్వాత వాటి ముందు నుంచి వెనక్కి వచ్చి 5, 6 కాడల చుట్టూ వేయాలి. చివర నాలుగు డబుల్. నాలుగో వరుస మళ్లీ సింగిల్. ఐదో వరుసలో మూడో వరుస జడ కాడల చుట్టూ వరసగా, దాటించకుండా వేయాలి. ఆరు సింగిల్, ఏడులో మళ్లీ దాటించాలి. ప్రతిసారీ ముందు నుంచే దాటిస్తే తాడులా వస్తుంది, ఒకసారి వెనక నుంచి దాటిస్తే వాలు మారిపోతుంది.

జడ కుట్ల వెనక దాగిన నాలుగు సింగిల్ కుట్లలో కూడా పొరపాటున వేసేస్తే లెక్క పెరిగిపోతుంది. ప్రతి వరుసకీ 12 లెక్కపెట్టుకోవాలి. వీడియోలు చూసేవాళ్లకి ఇంకో తంటా ఉంది: ఇక్కడ చెప్పినవి అమెరికా పేర్లు. వాళ్ల డబుల్‌ని బ్రిటన్ లెక్కలో ట్రెబుల్ అంటారు. ఏ లెక్కో చూడకుండా మొదలుపెడితే మొత్తం విప్పాల్సిందే.

సాదా అల్లిక కంటే దీనికి ఊలు ఎక్కువ పడుతుంది, అల్లిక లోపలికి గుంజుకుంటుంది. కొలతకి అల్లేటప్పుడు కుట్లు కాస్త ఎక్కువే వేసుకోవాలి.

ఇక అమ్మాలనుకునేవాళ్ల సంగతి. స్వెటర్లు మిషన్ మీద అల్లేస్తారు గానీ క్రోషియా అలా కాదు, బజారులో చవగ్గా దొరికే ముక్క వెనక కూడా ఎవరో ఒకరి చెయ్యి ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసునే తీసుకోండి. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ అక్కడి ఆడవాళ్ల మీద జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లోనే పుస్తకం రాశారు. విదేశాలకు పోయే సరుకు వాళ్ల చేతుల్లో తయారవుతున్నా, అది ఇంట్లో ఖాళీ టైములో చేసే పని కిందే లెక్క కాబట్టి కూలీ మరీ తక్కువ అని ఆమె చూపించారు. "ఊరికే కూర్చోకుండా ఏదో అల్లుకుంటోంది" అనే మాట మన ఇళ్లల్లోనూ వినిపించేదే.

ఉదాహరణకి ఒక మఫ్లర్ 500 రూపాయలకు అమ్మారనుకుందాం. ఊలుకి 260 పోతే మిగిలింది 240. అల్లడానికి 12 గంటలు పట్టి ఉంటే గంటకి 20 రూపాయలు. అందుకే మొదటి ముక్క అల్లేటప్పుడే గడియారం చూసి గంటలు రాసిపెట్టుకోవాలి, ధర అడిగినవాళ్లకి ఆ కాగితం చూసే చెప్పాలి.